తల వాటా

మర్టీ షూగ్రూ కత్తి నూరుతున్నాడు. దగ్గు తన్నుకొచ్చినప్పుడల్లా కత్తిని సానరాయి మీద గట్టిగా అదిమేవాడు. ఆ గరగరలో దగ్గు కలిసిపోయేది. ఈ ఉపాయం అతనికి పోయిన శీతాకాలంలో తట్టింది. అప్పటినుంచి కిల్‌బ్రాక్ ఊరి చుట్టుపక్కల పందుల్ని కోసే కత్తి ఎన్నడూ లేనంత పదునుగా ఉంటోంది.

కాన్ కర్టిన్ పెరట్లో రాత్రి పేరుకున్న మంచు ఇంకా కరగలేదు. చిత్తడినేలలో తవ్వి ఎండబెట్టిన పీటు గడ్డల మంట మీద పెద్ద కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. కొట్టానికున్న తలుపు ఊడదీసి రెండు పీపాల మీద బల్లలా పరిచారు. గోడకు నిచ్చెన ఆనించారు, దాని కాళ్ళ దగ్గర ఉప్పుబస్తా. ప్రతి నవంబరులోనూ ప్రతి ఇంట్లోనూ ఇవే వస్తువులు. పందిని చంద్రుడు పెరిగే పక్షంలోనే కోయాలి. తరిగే పక్షంలో కోస్తే మాంసం కుండలో కుంచించుకుపోతుందని ఆ ఊళ్ళ నమ్మకం. అందుకని చలికాలంలో సగం రోజులు మర్టీకి ఊపిరి సలపదు, తక్కిన సగం రోజులు పనే ఉండదు.

మనిషి పొడుగు. పక్కనుంచి చూస్తే ఉన్నాడా లేడా అనిపించేంత సన్నం. మణికట్లు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు లావుగా ఉంటాయి. పిండిబస్తా గుడ్డతో తనే కుట్టుకున్న ఏప్రాను మోకాళ్ళ కిందికి వేలాడుతోంది. టోపీ పట్టీలో తెల్లటి బాతు ఈక ఒకటి గుచ్చి ఉంది. దాని కాడ బోలుగా, కొన ఏటవాలుగా కోసి ఉంది. పిల్లలున్న ఇంటికి పందిని కోయడానికి వెళితే మర్టీ ఒక కొత్త ఈక పట్టుకెళతాడు. పంది మూత్రపు తిత్తిని కడిగి, మెడలో ఈకకాడ దూర్చి నోటితో ఊది, దారం కట్టి పిల్లలకు బంతి చేసి ఇస్తాడు. ఆ ఊళ్ళో మీసాలు నెరిసినవాళ్ళు కూడా చిన్నప్పుడు షూగ్రూల నోటిగాలిని తన్నుకుంటూ పెరిగినవాళ్ళే.

తండ్రి చేసిన పనే ఇతనూ చేశాడు. చలికాలం పందుల్ని కోస్తాడు, వసంతంలో మగ పందిపిల్లలకు విత్తులు తీస్తాడు, ఎండాకాలం ఇతరుల పొలాల్లో గడ్డి కోస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. పందుల్ని కోసే చేతుల్ని పెళ్ళిలో ఎవరు పట్టుకుంటారని నెల్ హాసెట్ ఒకప్పుడు పదిమందిలో నవ్వింది. అంతకు వారం ముందు అతను అడిగింది ఆమెనే. తర్వాత నెల్ ఇంకొకణ్ణి చేసుకుని, అతన్ని కాటికి సాగనంపి, ఇప్పుడు ఊరందరి ఇళ్ళల్లో పంది నెత్తురుతో వండే పుడ్డింగులు కలుపుతూ తిరుగుతోంది. ఇవాళ కూడా ఇక్కడే ఉంది. పళ్ళెంలో ఉప్పు వేసుకుని, నెత్తురు పట్టడానికి చొక్కా చేతులు పైకి మడుచుకుని సిద్ధంగా నిలబడింది. ఆమె నాలుక పదునుకు మర్టీ కత్తి చాలదు.

పొద్దున రాగానే కాన్ భార్య డీలియా టీ ఇచ్చింది. అక్కడినుంచి మొదలైంది అతనికి అనుమానం. ఆ ఇంట్లో కప్పులన్నీ తెల్లవి, అంచులు పెచ్చులూడినవి. ఇతనికి ఇచ్చింది నీలం అంచు కప్పు. నీలం అంచు కప్పులు ఫాదరీ ఇంటికొచ్చి పూజ జరిపినప్పుడు తప్ప బీరువా పై అర దిగవు. అయితే నన్ను ఫాదరీనన్నా చేసి ఉండాలి, లేకపోతే వెలి అన్నా వేసి ఉండాలి అనుకున్నాడు మర్టీ. తాగేశాక డీలియా కప్పును ఏప్రాను కొంగుతో పట్టుకుని తీసుకుపోయింది. వేడి కప్పును గుడ్డతో పట్టుకుంటారు సరే, ఖాళీ కప్పు ఎవరి చెయ్యి కాలుస్తుంది?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషిలా అయిపోయాడతను ఈమధ్య. ఆగస్టులో గడ్డి కోస్తూ దగ్గినప్పుడు జేబురుమాల్లో ఎర్రగా పడింది. రుమాలును పొయ్యిలో వేసి, అది కాలిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ దేశంలో క్షయ అనే మాట ఎవరూ నోటితో అనరు. "ఆ ఇంట్లో కొంచెం నలత" అంటారు, అదీ గొంతు తగ్గించి. అలా అన్నాక ఆ ఇంటి వెన్న ఎవరూ కొనరు, ఆ ఇంటి పిల్లకు సంబంధం రాదు. ఇక ఇల్లిల్లూ తిరిగి మాంసం ముట్టుకునేవాడికి ఆ పేరొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పని పోతే మర్టీకి ఇంకేమీ లేదు. కత్తి, రాయి, గోనెసంచి, ఇవే అతని ఆస్తి.

పక్క పొలం స్కాన్లన్ బండి తోలుకుంటూ గేటు ముందునుంచి పోయాడు. "మీ పనికి దేవుడి దీవెన" అని కేక వేశాడు గానీ బండి ఆపలేదు. పని జరుగుతున్న పెరటిని దీవించకుండా పోయేవాడు పగవాడని ఆ ఊరి లెక్క. దీవించి లోపలికొచ్చి ఓ చెయ్యి వేసేవాడు మంచివాడు. దీవించి కూడా లోపలికి రానివాడి సంగతి ఏ లెక్కలోనూ లేదు. తొందర పని ఉండి ఉండవచ్చు. మర్టీ మాత్రం బండి మలుపు తిరిగేదాకా చూశాడు.

అప్పుడే పాలగదిలోంచి కాన్ బకెట్టుతో వచ్చాడు. మీగడ తీసేసిన పాలు, వాళ్ళ ఆవువే, పచ్చివి. కోతకు ముందు పంది కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి ఇవాళ పాలు దూడకు. అతను దూడ దగ్గరకు వెళ్ళేలోగా పదేళ్ళ కూతురు మోయా పరిగెత్తుకొచ్చి బకెట్లో తన కప్పు ముంచుకుని గడగడ తాగేసింది. నిన్నటిదాకా ఆ పాలు పంది తొట్టిలో పోసింది ఆ పిల్లే. పిల్లకు ఒకటి, పందికి ఒకటి, రోజూ అదే వరస.

మోయా మెడకు ఎర్ర ఉన్నిగుడ్డ చుట్టి ఉంది.

"గొంతునొప్పి దానికి," అంది డీలియా గుమ్మంలోంచి.

మర్టీ ఏమీ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చిందంటే లోపల ఏదో ఉందన్నమాట. అంటే వీళ్ళు నా సంగతి దాస్తున్నారా, నా దగ్గర దాస్తున్నారా అని ఆలోచనలో పడ్డాడు. మోయా మాత్రం టోపీలో ఈకనే చూస్తోంది. పోయినేడు ఇతను ఊది ఇచ్చిన బంతి క్రిస్మస్ నాటికి మెత్తబడితే, అతను వదిలి వెళ్ళిన అదే ఈక తన నోట్లో పెట్టుకుని మళ్ళీ ఊదుకుంది. ఆ పూట అటుగా వచ్చిన మర్టీ అది చూశాడు. డీలియా కూడా చూసింది.

పందిని తీసుకొచ్చారు. కాన్, అతని తమ్ముళ్ళిద్దరూ కాళ్ళు పట్టి బల్ల మీదికి ఎత్తారు. మర్టీ టోపీ వెనక్కి తోసి ఎడమచేత్తో దాని గడ్డం పైకెత్తాడు. అతని పనిలో మెచ్చుకోదగింది ఒక్కటే, పందికి ఎక్కువసేపు భయం లేకుండా చేస్తాడు. నెల్ పళ్ళెంలో నెత్తురు పట్టి గడ్డకట్టకుండా చేత్తో కలుపుతూ కూర్చుంది. కాగులోని మరిగే నీళ్ళు పంది మీద పోశారు, బొచ్చు గీశారు, తెల్లగా అయ్యాక వెనక్కాళ్ళు కట్టి నిచ్చెనకు వేలాడదీశారు. మర్టీ పొట్ట పైనుంచి కిందికి ఒక్క గీతలో తెరిచాడు. ఆవిరి మొహానికి కొట్టి దగ్గు వచ్చింది. ఇక్కడ నూరడానికి రాయి లేదు. పెదాలు బిగించి, తేలు కుట్టిన దొంగలా ఆ ఆవిరిలోనే తల దూర్చుకుని నిలబడ్డాడు. బయటికి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నెల్ అతన్నే చూస్తోంది, చెయ్యి మాత్రం నెత్తురు కలుపుతూనే ఉంది.

తల వేరు చేయడం ఆఖరి పని. దవడ కింద కత్తి సాఫీగా పోతూ పోతూ ఒకచోట ఆగింది. ఇసుక తగిలినట్టు కరకరలాడింది. అతను పందివైపు ఒరిగి, పెరటికి వీపు పెట్టి, ఆ చోటు విప్పి చూశాడు. అక్రోటు కాయంత బిళ్ళ. కోస్తే లోపల పసుపుపచ్చగా, ఎండిపోయిన జున్నులా పొడిగా ఉంది. రెండోవైపు ఇంకొకటి. ఊపిరితిత్తులు చూశాడు, పక్కటెముకల లోపలి పొర చూశాడు, కాలేయం తిప్పి చూశాడు. అక్కడ ఏమీ లేదు. మెడలోనే ఉంది. గండమాల, మెడ బిళ్ళల్లో చేరే క్షయ.

ఇలాంటి బిళ్ళలు అతనికి కొత్త కాదు. వయసులో ఉండగా ఒక చలికాలం పట్నంలో పంది మాంసపు ఫ్యాక్టరీలో చేశాడు. అక్కడ తెల్లకోటు మనిషి ఒకడు ప్రతి పంది మెడా చీరి చూసి, ఇది కనిపిస్తే తల పారేయించేవాడు. ఇంకెక్కడన్నా కనిపిస్తే పందినే పారేయించేవాడు. ఇంటి పందికి తెల్లకోటు ఎవడూ రాడు. ఇంటి పందికి షూగ్రూలే దిక్కు. షూగ్రూలకు తండ్రి పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇంటి పందిలో చూసింది ఇంట్లోవాళ్ళకు చెప్పకూడదు. బిళ్ళ కోసి నిప్పుల్లో వేయాలి. తల సంచిలో వేసుకుని పోవాలి. కోసినవాడికి తల వాటా అనే ఆచారం ఊరికి ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. తండ్రి మాత్రం ఒకసారి చెప్పాడు. ఒక బిళ్ళ కోసం ఏడాది మాంసం పాతిపెట్టమంటే ఆ ఇంట్లో పిల్లలు ఏం తింటారురా, చెడ్డదంతా తలలోనే ఉంది, తల మనతో వచ్చేస్తుంది, ఇల్లు శుభ్రం అన్నాడు. అది దయ అనుకున్నాడు తండ్రి. కొడుకూ అలాగే అనుకున్నాడు.

ఆ తలలన్నీ షూగ్రూల కుండలోనే ఉడికాయి. చలికాలమంతా వాళ్ళ కూర అదే. బిళ్ళలు కోసిన చేతులు ఏప్రానుకు తుడుచుకుని ఆ చేతులతోనే రొట్టె విరుచుకునేవాళ్ళు. తండ్రి దగ్గీ దగ్గీ పోయినప్పుడు చలి అన్నారు. చలి అనే మర్టీ కూడా నమ్మాడు. ఇవాళ ఆ తల చేతిలో పట్టుకుని, ఊరి పందుల మెడల్లో ఉన్నదంతా తమ ఇంటికే వచ్చి చేరిందా అని మొదటిసారి అనుమానించాడు. ఇన్నాళ్ళూ అతను ఎదుటివాళ్ళ కప్పుల్నీ చూపుల్నీ అనుమానిస్తూ వచ్చాడు. తన వాటాను అనుమానించలేదు.

చెప్పకుండా పోవచ్చు. నిప్పు పక్కనే ఉంది. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఏప్రిల్లో ఈ పందిపిల్లను ఒళ్ళో పెట్టుకుని విత్తులు తీసింది తనే. అప్పుడూ దగ్గాడు. నువ్వే తెచ్చావంటారు. తను కాదని ఒట్టు వేయలేడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్నట్టుంది పని.

మోయా తిత్తి కోసం దగ్గరకొచ్చి పేగుల తొట్టిలోకి వంగింది. ఎర్రగుడ్డ జారింది. దవడ కింద, చెవికి దిగువన, రెండువైపులా ఎత్తుగా ఉంది. ఎడమవైపుది పెద్దది, పైన చర్మం నిగనిగలాడుతోంది. సరిగ్గా పందికి ఉన్న చోటే. పిల్ల గుడ్డ సర్దుకుని అతన్ని చూసి నవ్వింది. మర్టీ తిరిగి నవ్వలేకపోయాడు. బిళ్ళను క్యాబేజీ ఆకులో చుట్టి ఏప్రాను జేబులో వేసుకున్నాడు. నిప్పుల్లో వేయకపోవడం అతని జీవితంలో అదే మొదటిసారి.

కాలేయం వేయించి అందరినీ లోపలికి పిలవడం ఆ ఇంటి అలవాటు. ఇవాళ డీలియా పెనం పట్టుకుని పెరట్లోకే వచ్చింది. ఎండ బాగుంది, ఇక్కడే తినండి అంది. ఎండ ఏమంత బాగాలేదు. కాన్ తమ్ముళ్ళు మొహాలు చూసుకున్నారు. మర్టీ ఆకలి లేదన్నాడు. డీలియా పెనం దించి, కడిగిన తిత్తిని తొట్టిలోంచి తీసి అతని ముందుకు చాపింది.

"ఊదు, మర్టీ."

ఎప్పుడూ పిల్లలు అడిగేవాళ్ళు. పెద్దవాళ్ళు అడగడం అదే మొదలు. నెల్ చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. కాన్ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. దీనికోసమే పిలిచారన్నమాట అని మర్టీకి అర్థమైంది. పందిని కోయడానికి పక్క ఊళ్ళో ఇంకొకడు ఉన్నాడు, అతన్ని పిలవలేదు. ఊదితే అనుమానం తీరుతుంది, వాళ్ళకి కాకపోయినా చూసేవాళ్ళకి. ఒక్క ఊపిరి. పేరు నిలబడుతుంది, పని నిలబడుతుంది, రేపు ఇంకో ఇంటికి పోవచ్చు. అతను టోపీలోంచి ఈక తీశాడు. తిత్తి తీసుకున్నాడు. ఈకను పెదాల దాకా తేబోయి, జానెడు దూరంలో ఆపాడు.

"కాన్, నీ సైకిలు పంపు ఎక్కడుంది?"

కాన్ చిన్న తమ్ముడు ఫక్కున నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి మానేశాడు. కాన్ వెళ్ళి పంపు తెచ్చాడు. రెండు చేతులూ ఖాళీ చేసుకోవడానికి మర్టీ ఈకను ఇంటి తలుపు పైన చూరుగడ్డిలో గుచ్చి, పంపు గొట్టం తిత్తి మెడలో దూర్చి గాలి కొట్టాడు. తిత్తి ఉబ్బింది. దారం కట్టి మోయాకు అందించకుండా నేల మీద పెట్టి కాలితో మెల్లగా తోశాడు. పిల్ల దాని వెనక పరిగెత్తింది.

"పోయినేడు నోటితోనే ఊదావుగా," అంది డీలియా.

"ఊదాను."

"అప్పటికే ఉందా ఆ దగ్గు?"

"ఉంది. పొగాకు దగ్గు అనుకున్నా." ఆగి మళ్ళీ అన్నాడు. "అలా అనుకుంటే బాగుంటుందని అనుకున్నా."

డీలియా గొంతు పెంచలేదు. "వేసంగి నుంచీ నాకు నిద్ర లేదు మర్టీ. నీ నోరు, ఆ ఈక, నా కూతురి నోరు, ఇవే కళ్ళముందు. ఇవాళ నువ్వు ఊది ఉంటే ఆ తిత్తి తీసి నీ మొహాన కొట్టేదాన్ని."

"కొడుదువుగానిలే. ముందు ఇది చూడు."

ఆకు విప్పి బల్ల మీద పెట్టాడు. నెల్ లేచి వచ్చి చూసి, నెత్తురు చేత్తోనే సిలువ గీసుకుంది.

"నీ పంది మెడలోది," అన్నాడు. "దీన్ని నిప్పుల్లో పడేసి, తల సంచిలో వేసుకుని పోవడం మా నాన్న నేర్పిన పద్ధతి. ఇన్నేళ్ళూ అదే చేశా. ఇప్పుడు నీ పిల్ల మెడకున్న గుడ్డ విప్పి, ఎక్కడ ఉబ్బిందో చూసుకో."

"అంటే పందినుంచి పిల్లకొచ్చిందా?" కాన్ నోరు విప్పడం అదే మొదలు.

"పందినుంచో, నానుంచో, నీ బకెట్లోంచో. పంది తాగిందీ పిల్ల తాగేదీ ఒక్క ఆవు పాలే కదా. ఎవరు ఎవరికిచ్చారో నాకు తెలీదు కాన్. నేనేనని అనుకో, తప్పులేదు. కానీ నన్నొక్కణ్ణే పట్టుకుని ఊరుకున్నావంటే, రేప్పొద్దున ఆ పిల్ల మళ్ళీ ఆ బకెట్లోనే కప్పు ముంచుతుంది."

పిల్లను మర్నాడే డిస్పెన్సరీ డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మన్నాడు. పాలు పొంగేదాకా కాచమన్నాడు. ఆవును పశువుల డాక్టరుకు చూపించమని, పంది మాంసం ఆయన వచ్చి చూసేదాకా ఉప్పులో వేయవద్దని, ఇరుగుపొరుగుకు ఆనవాయితీగా పంపే మాంసం పళ్ళేలు పంపవద్దని చెప్పాడు. అంత మాట్లాడేసరికి దగ్గు వచ్చింది. పెరటి మూలకు పోయి, అందరూ చూస్తుండగానే దగ్గి వచ్చాడు.

నెల్ చేతులు తుడుచుకుంది. "పంది కోసిన ఇంటినుంచి పళ్ళెం రాకపోతే ఊరికి తెలీదా? పొద్దుగూకే లోపల కథలల్లేస్తారు. ఈ ఇంటి పాలు పాలకేంద్రంలో కూడా పోయించుకోరు. నోరు మూసుకుని నీ తల నువ్వు పట్టుకుపో మర్టీ."

"నోళ్ళు మూసుకునే ఇంతదాకా వచ్చాం నెల్," అంది డీలియా. "పళ్ళేలు పోవు."

ఆ మాటతో ఊరందరికీ చాటింపు వేసినట్టే. ఆ సంగతి డీలియాకూ తెలుసు. ఆమె లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు నీలం అంచు కప్పులో టీ తెచ్చింది. ఈసారి బల్ల మీద పెట్టకుండా చేతికి ఇచ్చింది.

"ఈ కప్పు నీకని వేరుగా పెట్టాను," అంది. "మర్యాదకి కాదు. తాగి నీతో తీసుకుపో."

మర్టీకి నిజంగా ప్రాణం తెరిపిన పడింది. ఆగస్టునుంచి అతను చూపుల్లోనూ బండ్ల చప్పుళ్ళలోనూ వెతుక్కుంటున్న మాటను ఒకరు మొహాన చెప్పారు. ఆమె మీద కోపం రాలేదు సరికదా, కృతజ్ఞత కలిగింది. టీ నిలబడే తాగాడు. కప్పును గుడ్డలో చుట్టి గోనెసంచిలో పెట్టాడు. బిళ్ళను పశువుల డాక్టరుకు చూపించమని కాన్‌కు అప్పగించి, పంది తలను మాత్రం సంచిలో వేసుకున్నాడు. కాన్ వద్దనలేదు. అది అతని వాటా.

దారిలో ఎవరూ లేరు. మర్టీ గట్టిగా, దాచకుండా, ఒళ్ళు ఊగిపోయేలా దగ్గాడు. తర్వాత కొంచెం తేలికపడి నడిచాడు. ఇంటి వెనక గొయ్యి తీసి, పంది తల అందులో వేసి, పైన సున్నం పోసి కప్పాడు. ఆ పొద్దు షూగ్రూల కుండలో ఉడికినవి బంగాళాదుంపలే.

ఆ చలికాలం అతన్ని ఇంకే ఇంటికీ పిలవలేదు. పక్క ఊరివాడు వచ్చి కోసిపోయాడు. క్రిస్మస్ ముందరి అడ్వెంటు వారాలు మొదలయ్యేలోగా మర్టీ తనే డిస్పెన్సరీకి వెళ్ళాడు. అక్కడినుంచి శానిటోరియం బండి ఎక్కాడు. కత్తులు నూనె రాసి గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాడని, గూటి తలుపు మూయలేదని తర్వాత చూసినవాళ్ళు చెప్పారు. మోయా మెడలో బిళ్ళలు పట్నం ఆసుపత్రిలో కోసి తీశారు. పిల్ల వంకర మచ్చతో ఇంటికొచ్చి, బళ్ళో ఆ మచ్చను పదిమందికి చూపించుకుంది. ఆవుకు క్షయ ఉందో లేదో తేల్చే సూది వేస్తే మెడ మీద అరచెయ్యంత వాచింది. దాన్ని తోలుకుపోయారు. అయినా డీలియా మనసు ఒక్క ఆవు మీదనే నిలవలేదు. కొన్ని రోజులు ఆవు అనుకునేది, కొన్ని రోజులు మర్టీ అనుకునేది. ఊరు మాత్రం ఎప్పుడూ మర్టీ అనే అనుకుంది. ఊరికి అది సులువు.

యుద్ధం అయిపోయాక రెండో శీతాకాలం అది. ఫిబ్రవరిలో మంచు కంచెలు మునిగేంతగా పడింది. దారులు తెరుచుకున్నాక పోస్టుమాను వచ్చి, షూగ్రూ పోయాడట, అక్కడే పాతిపెట్టారట అని గేటు దగ్గర చెప్పి వెళ్ళాడు. ఎప్పుడు పోయాడో అతనికి సరిగ్గా తెలియదు. కాన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ రోజు నెల్ హాసెట్ ఇంటినుంచి రొట్టె మాడిన వాసన వచ్చింది.

డీలియా అతను ముట్టుకున్నవన్నీ ఎప్పుడో సోడా నీళ్ళతో తోమేసింది. కొట్టం తలుపు, నిచ్చెన, గేటు గొళ్ళెం, సైకిలు పంపు కూడా. బంతి పగిలితే పొయ్యిలో వేసింది. ఒకటే మరిచిపోయింది. పోస్టుమాను వెళ్ళాక, చూరునుంచి మంచునీళ్ళు కారుతుంటే తలెత్తి చూసింది. గడ్డిలో గుచ్చిన ఈక కనబడింది. లోపలికెళ్ళి పట్టకారు తెచ్చింది. కాడను పట్టుకోబోయి ఆగింది. పెదాలకు జానెడు దూరంలో ఆగిన మర్టీ చెయ్యి గుర్తొచ్చింది. పట్టకారు దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వసంతంలో కాన్ ఇంటికి కొత్త గడ్డి కప్పించాడు గానీ, వాకిలి మీద ఆ మూర మేర పాతగడ్డిని డీలియా కదలనివ్వలేదు. బాతు ఈక అక్కడే ఉంది, తెల్లగా, ఏటవాలుగా కోసిన కొన తలుపు వైపు తిరిగి, ఎవరి పెదాలూ తగలకుండా.